మా వాడ బావికి ఎర్ర రంగు

ఇవాళ పొద్దున్నే మా నీటి పరీక్షల ఆఫీసు ముందు బావులు వరసలో నిలబడి ఉన్నాయి. ఎండగా ఉందని వాటిని వరండాలోకి రమ్మంటాను. చేతిపంపులు పక్కకు జరిగి చోటిస్తాయి.

ఏ నీళ్ళు తాగొచ్చో, ఏవి తాగకూడదో చెప్పే గీత ఇవాళ నేనే గీయాలి. ఆఫీసులో కొలబద్ద లేదు. నా కుడి మోకాలు తీసి బల్ల మీద పెడతాను. కుర్చీలో కూర్చునే పని కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి నలభై ఏళ్ళకే బిగుసుకుపోయిన మోకాలు అది, అబద్ధం చెప్పదు. ఏ నీళ్ళు పోస్తే అది వంగుతుందో ఆ నీళ్ళు తాగొచ్చని రిజిస్టర్‌లో రాస్తాను.

ఏ బావి నీళ్ళు పట్టాలో ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు కడగడం పద్ధతి. అలాగే కడుగుతాను. ఆరు బావులు పాసవుతాయి. ఏడోది మా వాడ బావి. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది చంద్రవ్వ, నన్ను చంకనేసుకుని పెంచిన పెద్దమ్మ.

నీళ్ళు పోస్తాను. మోకాలు కదలదు. ఇంకోసారి పోస్తాను. నేను నీళ్ళు నమలడం చంద్రవ్వ కనిపెట్టేస్తుంది.

“పాసని రాయి బిడ్డా. ఇది పోతె మన పోరగాండ్లు ఏం తాగాలె?”

“ఇది తాగితె వాళ్ళ కాళ్ళు గూడ నా కాళ్ళయితయి పెద్దమ్మా.”

“తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవా?”

మూడు కరువుల్లో మమ్మల్ని బతికించింది ఈ బావే.

బావి గొంతు సవరించుకుంటుంది. “నా తాన ఉన్నదే ఇచ్చిన. ఇగ చాలు. రంగు పుయ్యి కొడుకా.”

తాగకూడని నీళ్ళకు మేం ఎర్ర రంగు వేస్తాం. బావి నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగుతుంది. గోడ చుట్టూ కుంచె తిప్పుతూ, నువ్వు లేకపోతే నేను లేనని దానితో పైకే అంటాను. ఏడుపు ఆగదు. నా కన్నీళ్ళు వెళ్ళి వరస చివర నిలబడతాయి.

రంగు ఆరగానే బావి తనను తాను తిరగేసుకుంటుంది. లోపలి మెట్లు బయటికి వస్తాయి. ఎంత లోతుండేదో అంత ఎత్తు లేస్తుంది. చంద్రవ్వ కొంగు నడుముకు దోపి ఎక్కుతుంది, వాడ పిల్లలంతా ఆమె వెనకాలే. పైకి చేరాక ఆమె బొక్కెనను ఆకాశంలోకి వదులుతుంది. తాడు పైకి పోతూనే ఉంటుంది. పిల్లలు దోసిళ్ళు తలల మీదికెత్తి ఊపిరి బిగబడతారు. చాలాసేపటికి, చాలా ఎత్తున, బొక్కెన నీళ్ళను తాకిన చప్పుడు వినిపిస్తుంది.