గామా విస్ఫోటాలు, నలభై ఏడో పేజీ

రెండు బ్యాచ్‌లయ్యేసరికే నా గొంతు పోయింది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకి పదిహేనేళ్లుగా సైన్స్ చెబుతున్నాను. నోట ఎన్ని రాకెట్లు ఎగరేశానో గానీ నేను మాత్రం ఈ మూడో అంతస్తు దాటలేదు.

సుద్దముక్క కింద పెట్టేలోగా సృజన్ వచ్చాడు. నాలుగోసారి పరీక్ష రాసినవాడు. తెల్లారకముందే చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర నిలబడే రకం.

"మేడం, ప్రిలిమ్స్ కీల ఒక జవాబు తప్పిచ్చిన్రు. అబ్జెక్షన్‌కి ఇయ్యాల ఐదింటిదాకనే టైం. ఈ ఒక్క మార్కు కలిస్తె మెయిన్స్ రాస్త. జర ఈ కాయితం మీద సంతకం చేయున్రి."

"ఏ ప్రశ్నయ్యా?" అన్నాను విసుగ్గా.

గామా కిరణ విస్ఫోటాలు. ఎక్కడో అంతులేని దూరంలో పెద్ద నక్షత్రం కూలితే కాసేపు వెలిగి ఆరిపోయే మెరుపులు. వాటిని పట్టే ఉపగ్రహాలేవని అడిగారు. స్విఫ్ట్, ఫెర్మి, మన ఆస్ట్రోశాట్, మూడూ అని కీ. సృజన్ మొదటి రెండే పెట్టాడు. రుజువుగా నా నోట్సులో నలభై ఏడో పేజీ జిరాక్స్ తెచ్చాడు. "ఆస్ట్రోశాట్: అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు మాత్రమే."

ఆ 'మాత్రమే' నాదే. బుర్రకెక్కాలని మా కోచింగ్ వాళ్లం ప్రతి వాక్యానికీ ఒకటి తగిలిస్తాం. ఆస్ట్రోశాట్ పైకెళ్లిన ఏడాది రాసిన నోట్సు. తర్వాత అది వందల విస్ఫోటాలు పట్టింది. నేనే మళ్లీ ఆ పేజీ తెరవలేదు. ఓపిక లేక.

సంతకం పెట్టేస్తే అబ్జెక్షన్ కొట్టేస్తారు, తిట్లు కమిషన్ వాళ్లకి పోతాయి. పెన్ను తీశాను కూడా. సిగ్గేసింది.

"కీ సరైనదే. నా నోట్సే తప్పు సృజన్."

వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బ్యాగులోంచి తన నోట్సు తీసి అదే పేజీ చూపించాడు. అంచున పెన్సిల్‌తో రాసుంది: 'గామా గూడ.'

"పోయినేడు పేపర్ల చదివిన మేడం. హాల్ల మూడూ అని బబుల్ నింపబోయి ఆగిన."

"ఎందుకు ఆగావు?"

"పేపరోళ్లు తప్పు రాస్తరేమో గానీ మేడం రాయదనుకున్న."

నాలుగింటి బ్యాచ్ లోపలికొచ్చింది. "నలభై ఏడో పేజీ తీయండి" అన్నాను. వెనక బెంచీలకి వినపడలేదు. మళ్లీ చెప్పాను.

చివరి బెంచీలో చోటు చూసుకుని సృజన్ కూడా కూర్చున్నాడు, ఐదోసారికి.