ఉప్పు చూడమని పెట్టిన ముద్ద

ఇథియోపియా నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలో మా సామాను ఒకటి పోయిందని మా ఆయన అందరికీ చెబుతుంటారు. నల్లతోలు సూట్‌కేసు. నా లెక్కలో పోయినవి రెండు. రెండోది ఆయనే. సూట్‌కేసు కొన్నాళ్ళకి బొంబాయి నుంచి ఒక చెవి ఊడిపోయి, తాడు కట్టించుకుని తిరువూరు వచ్చేసింది. ఆయన ఇంకా రాలేదు.

చూడ్డానికి మనిషి ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్నే వేపపుల్ల నములుతారు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు, భోజనానికి ఇంటికొస్తారు. కానీ ఇథియోపియాలో డెస్సీ ఊళ్ళో నాతో కాపురం చేసిన జగన్నాథరావు వేరు. ఆ జగన్నాథరావు ఉల్లిపాయలు తరిగేవాడు. నన్ను "ప్రేమా" అని పిలిచేవాడు. నాతో ఒకే కంచంలో తినేవాడు. మొగుణ్ణి పట్టుకుని వాడూ వీడూ అంటున్నానని అనుకోకండి. ఆ మనిషితో నాకు అంత చనువుండేది. ఇక్కడి మనిషిని మాత్రం అండీ అనే అంటున్నాను. ఈయన నన్ను "ఇదిగో" అంటారు. గుమ్మంలో నేనూ పాలేరూ కలిసి నిలబడ్డప్పుడు ఆ ఇదిగో ఎవరికో తెలియక ఇద్దరం పలుకుతాం.

డెస్సీ కొండల మీద చలి ఊరు. మా ఆయన అక్కడి బళ్ళో కాంట్రాక్టు మీద లెక్కలు చెప్పేవారు. మా పక్కింటావిడ పేరు అల్మాజ్. మేము దిగిన వారంలోనే భోజనానికి పిలిచింది. బల్ల మధ్యలో ఒకటే పళ్ళెం, బండిచక్రమంత. దాన్నిండా పులిసిన పిండితో పోసిన అట్టు పరిచి ఉంది. అట్టు మీద కుప్పలు కుప్పలుగా పప్పూ, ఆకుకూరా. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఎవరి పక్క నుంచి వాళ్ళు తుంచుకుని తినడమే. నేను గుంటూరులో బీయే చదివాను. ఎంగిలి గురించి ఏ పేపర్లోనూ ప్రశ్న రాలేదు గానీ దానికి జవాబు నాకు పుట్టుకతోనే వచ్చు. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, అల్మాజ్ అట్టుముక్కలో పప్పు చుట్టి ముద్ద చేసి తిన్నగా నా నోటి దగ్గరికి తెచ్చింది. నేను పెదవులు బిగించాను.

"తెరువు ప్రేమా," అన్నారు మా ఆయన తెలుగులో, మొహాన నవ్వు చెదరనివ్వకుండా. "ఇది వీళ్ళ మర్యాదట. కాదంటే అవమానం."

తెరిచాను. దాన్ని గుర్షా అంటారని తర్వాత తెలిసింది. గౌరవం ఉన్నవాళ్ళకీ ప్రేమ ఉన్నవాళ్ళకీ అలా నోట్లో పెడతారట. మా ఆయనకి ఆ దేశంలో ఎక్కువ నచ్చినవి వాళ్ళ కాఫీ, ఈ గుర్షా. ఇంటికొచ్చాక ఒక పళ్ళెం కొన్నారు. ఆ పళ్ళెంలో మేము అన్నం తిన్నాం, అట్టు తిన్నాం, మా అమ్మ పంపిన కందిపొడి తిన్నాం, పోట్లాడుకున్న రోజుల్లో మొహాలు అటూ ఇటూ తిప్పుకుని కూడా అందులోనే తిన్నాం. ఆఖరి ముద్ద ఆయన నాకు పెట్టాలి. అది పెట్టకుండా పోట్లాట ముగిసేది కాదు.

రాజు దిగిపోయి సైన్యం వచ్చాక, పొద్దు వాలకముందే తలుపులు బిగించుకోవలసి రావడంతో, కాంట్రాక్టు పొడిగించుకోకుండా వచ్చేశాం. పళ్ళెం తేవడానికి వీల్లేక అల్మాజ్‌కే ఇచ్చేశాను. ఎలాగూ తిరువూరులో కంచాలకి కొదవా అనుకున్నాను.

కొదవ లేదు. అదే వచ్చిన చిక్కు. మా అత్తగారు మాణిక్యమ్మగారు కొడుక్కి పీట వేసి, ఆయన కంచం ఆయనకి పెట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతారు. నేను వడ్డించాలి. ఆయన తల వంచుకుని తినాలి. ఆయన లేచాక అత్తయ్య, అత్తయ్య తర్వాత నేను. మొదటిరోజు నేను ఆయన కంచంలోనే వడ్డించుకుని కూర్చునేసరికి అత్తయ్య కళ్ళు చెమర్చాయి. వెంటనే గోడ మీది నుంచి పక్కింటి నాగేంద్రమ్మగారికి వినిపించారు.

"ఆఫ్రికా పోయొచ్చినా మా కోడలు మొగుడి కంచంలోనే తింటందమ్మా! ఈ రోజుల్లో ఎవరు తింటన్నారు?"

నాగేంద్రమ్మగారు ఆ మాట వాళ్ళ కోడలికి చెప్పారు. ఆ కోడలు ఆనాటి నుంచి నాతో మాట్లాడదు.

నాది భక్తి కాదని ఎవరికి చెప్పను? ఆయన కూర్చున్న వైపు కాకుండా ఎదురు వైపు పీట జరుపుకుని కూర్చుంటాను. అలా కూర్చుంటే, ఇద్దరం కలిసే భోజనం మొదలుపెట్టినట్టూ, నేను కాస్త ఆలస్యంగా వచ్చినట్టూ ఉంటుంది. ఆఖరి ముద్ద ఏమైనా పక్కన పెట్టారేమోనని రోజూ చూస్తాను. లెక్కల మాస్టారు గదా, శేషం మిగలనివ్వరు. కంచం అద్దంలా ఉంటుంది.

నేనూ ఊరికే కూర్చోలేదు. జొన్నపిండి కలిపి పులవబెట్టాను, డెస్సీ అట్టు పోద్దామని. అత్తయ్య మూత తీసి చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, చచ్చిపోయింది?"

"పులిసిందండీ. ఆ దేశంలో ఇట్లాగే..."

"ఆ దేశంలో గేదెలకి ఏం పెడతారో మరి," అంటూ గోలెంలో ఒంపేశారు. మా గేదె కూడా మూతి పెట్టి తీసేసింది.

ఇంకోసారి ఆయన కళ్ళజోడు మార్పించుకోవడానికి బెజవాడ వెళ్ళాల్సి వచ్చింది. నాకూ కళ్ళు మసకగా ఉన్నాయన్నాను. బస్సులో పక్కపక్కన కూర్చుంటామని ఆశపడ్డాను గానీ, ఆడవాళ్ళ సీట్లు ముందు, ఆయన వెనక. కండక్టరు నా టికెట్టు అడిగితే వెనక నుంచి "మా ఇంట్లోవాళ్ళది నేను తీసుకున్నానండి," అని అరిచారు. ఆ బస్సులో సగంమంది మగవాళ్ళు అదే మాట అరుస్తున్నారు. ఎవరి ఇంట్లోవాళ్ళు ఎవరో ఆ కండక్టరుకే తెలియాలి.

హోటల్లో ఫ్యామిలీ రూము ఉంది. పేరుకి రూము గానీ, మూడు చెక్కలూ ఒక కర్టెనూ. కర్టెను మూసుకోగానే ఆయన మొహంలో డెస్సీ మనిషి కొద్దిగా తొంగిచూశాడు. ఆయన ఆకు పక్కకి నెట్టి, నా ఆకు మధ్యకి లాగారు. సరిగ్గా అప్పుడే సాంబారు బకెట్టుతో కర్టెను లేచింది.

"షేరింగు కుదరదండి సార్. బోర్డు చూళ్ళేదా? ఒక భోజనం ఇద్దరు పంచుకోరాదు."

"రెండు భోజనాలకి టికెట్లు తీసుకున్నాం గదయ్యా!"

"తీసుకున్నారండి. కానీ తింటంది ఒక్క ఆకులో గదా? మా ఓనరుగారు చూస్తే నన్నంటారు."

మా ఆయన పరాయి ఆడదానితో పట్టుబడినట్టు ఎర్రబడి, ఎవరి ఆకు వాళ్ళ ముందుకి జరిపేశారు. వచ్చేటప్పుడు బస్సులో నేను ముందు, ఆయన వెనక, కొత్త కళ్ళజోడుతో. ఆ మనిషి ఇక రాడేమోనని నాకు మొదటిసారి భయం వేసింది ఆ బస్సులోనే. ఇథియోపియా వెళ్ళడానికి దారి ఉంది. అక్కడి మొగుడి దగ్గరికి వెళ్ళడానికి ఏ బస్సెక్కాలో తెలియలేదు.

మామిడికాయల కాలం వచ్చింది, ఒంటిపూట బళ్ళు పెట్టారు. ఒకరోజు అత్తయ్య అన్నగారు వీరరాఘవయ్యగారు విస్సన్నపేట నుంచి తోట బేరం మాట్లాడదామని వచ్చి భోజనానికి ఉన్నారు. మామాఅల్లుళ్ళకి పక్కపక్కన పీటలు. అత్తయ్య మామిడికాయ పప్పు చేసి, విసనకర్రతో తన చోట కూర్చున్నారు. నేను నేతిగిన్నె పట్టుకున్నాను.

"ఏరా అబ్బాయ్, ఆ దేశంలో తిండికేం చేశార్రా?" అన్నారు వీరరాఘవయ్యగారు.

ఆయన ఆ దేశం గురించి ఇంట్లో మాట్లాడగా నేను వినలేదు. ఆరోజు ఎందుకో మొదలుపెట్టారు. చలి గురించి, కాఫీ గురించి, అల్మాజ్ గురించి. "అందరూ ఒకటే పళ్ళెం చుట్టూ చేరతారు మావయ్యా. మాటలు సాగుతుంటే చేతులు వాటంతటవే పోతుంటాయి," అంటూ పప్పన్నం కలుపుతున్నారు. గొంతు మారింది. నాకు ఆ గొంతు తెలుసు. నెయ్యి వెయ్యడానికి వంగాను. ఆయన మాట ఆపకుండానే ముద్ద చేశారు. చెయ్యి లేచింది. తిన్నగా నా నోటి దగ్గరికి వచ్చింది.

నేను నోరు తెరిచాను.

ముద్ద లోపలికి వెళ్ళాక గానీ మేమిద్దరం ఏ దేశంలో ఉన్నామో మాకు తెలియలేదు. విసనకర్ర ఆగిపోయింది. వీరరాఘవయ్యగారు మజ్జిగ గ్లాసులోకి చాలా శ్రద్ధగా చూశారు. నోటినిండా అన్నంతో నేనేం మాట్లాడను? నేతిగిన్నె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను.

"ఉప్పు," అన్నారు మా ఆయన. "ఉప్పు సరిపోయిందో లేదో చూడమని..."

"సగం అన్నం తిన్నాక అనుమానం వచ్చిందేంట్రా?" అన్నారు వీరరాఘవయ్యగారు.

"నా పప్పులోనా?" అన్నారు అత్తయ్య. "నువ్వు పుట్టకముందు నించీ వండుతున్నా. ఈనాటికి నా చేతి ఉప్పు మీద అనుమానం వచ్చిందా నీకు?"

అందరూ నావైపు చూశారు. మింగి, "సరిపోయిందండీ," అన్నాను. అది అబద్ధం. ఉప్పు కాదు గదా, పప్పు కూడా నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి ఆయన కంచం పక్కన ఒక గిన్నె నిండా కల్లుప్పు గుట్టగా ఉండేది. అత్తయ్య విసురుతూ ఆ గిన్నె వంక చూసేవారు, అంతే. ఆయన తల ఇంకాస్త వంచుకుని తినేవారు. కంచం ఇంకాస్త అద్దంలా ఉండేది. వచ్చిన మనిషిని ఆ ఉప్పుతోనే తరిమేశామనుకున్నాను.

ఆవకాయకి ముక్కలు కొట్టించిన రోజు, వసారాలో అత్తయ్యా నేనూ కూర్చుని గుడ్డతో తుడుస్తున్నాం. అత్తయ్య పిలిచారు.

"అమ్మాయ్."

"ఆఁ, అత్తయ్యా."

"అది ఉప్పు కోసం కాదు గదూ?"

తుడిచిన ముక్కనే మళ్ళీ తుడిచాను. "కాదండీ."

"ఆ ఊళ్ళో రోజూ పెట్టేవాడా?"

"రోజూ పెట్టేవారు."

"కోపం వచ్చిన రోజున కూడానా?"

"అప్పుడు ఇంకాస్త పెద్ద ముద్ద పెట్టేవారు. నేను మాట్లాడకుండా."

అత్తయ్యకి నవ్వు రాబోయింది. ముక్కలోని జీడి గోటితో తీసిపారేసి, నవ్వు కూడా దాంతోపాటే పారేశారు.

"మా పెళ్ళిలో బువ్వం బంతి పెట్టారు. మీ మావగారినీ నన్నూ ఒకే పళ్ళెం ముందు కూర్చోబెట్టి, పెట్టు పెట్టు అని చుట్టూ ఒకటే గోల. ఆయన చెయ్యి వణికి బూరె నా ఒళ్ళో పడేశాడు. అందరూ నవ్వారు. తర్వాత ఎప్పుడైనా, ఎవరూ లేనప్పుడు, మళ్ళీ పెడతాడేమో అనుకున్నా."

"పెట్టలేదా?"

"ఎక్కడ పెట్టాడే! ఆయన తినేటప్పుడు నేను పొయ్యి దగ్గర, నేను తినేటప్పుడు ఆయన పొలంలో. కంచం మాత్రం అదే."

ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ముక్కలు చాలా ఉన్నాయి, అదొక అదృష్టం.

"శుక్రవారం నెమలిలో కృష్ణుడి గుడికి పోతన్నా," అన్నారు చివరికి. "నాగేంద్రమ్మ కూడా వస్తంది. స్వామిని చూసుకుని సాయంత్రం బస్సుకి గానీ రాం."

"నేను కూడా రానా అత్తయ్యా?" అన్నాను, అడగకూడదని తెలిసే.

"నువ్వెందుకు? కృష్ణుడికి ఇప్పటికే ఇద్దరు పక్కనున్నారు," అన్నారు. లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "ఆ చచ్చిన పిండేదో కలుపుకో. మూత గట్టిగా పెట్టు. వీధిలోకి వాసనొస్తే నన్నంటారు."

శుక్రవారం అట్టు సరిగా రాలేదు. పెనం మీద మూడు ముక్కలైంది. ముక్కలే కంచంలో పరిచి, పప్పు ఒకవైపు, తోటకూర ఒకవైపు పెట్టాను. మధ్యలో ఒక్క కంచం, అటొక పీట, ఇటొక పీట. ఉప్పుగిన్నె మాత్రం అత్తయ్య పెట్టే చోటే ఉంది. తీయబుద్ధి కాలేదు.

ఆయన బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

"అమ్మేది?"

"నెమలి వెళ్ళారు."

వంటింట్లోకి చూశారు. దొడ్లోకి చూశారు. కంచం వైపు చూశారు. వెళ్ళి వీధి తలుపు గడియ వేశారు. పట్టపగలు గడియేంటనుకున్నారో ఏమో, మళ్ళీ వెళ్ళి తీసి, దగ్గరగా వేసి వచ్చారు. పీట మీద కూర్చున్నారు. ఇద్దరి చేతులూ ఒకేసారి ముందుకి వెళ్ళి కొట్టుకున్నాయి.

"నువ్వు కానీ."

"మీరు కానివ్వండి."

డెస్సీలో ఆ మాటలు మా మధ్య లేవు. ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ పరాయివాళ్ళలా కూర్చున్నాం. ఆయన తన పక్క నుంచి చిన్నగా తుంచుకుంటున్నారు, చుట్టంచూపుగా వచ్చినట్టు. నేను తోటకూర వైపే తింటున్నాను. పప్పు ఇద్దరి మధ్యా సరిహద్దులా అలాగే ఉంది. అట్టు పుల్లగా బానే కుదిరింది. ఆ పులుపుకి అల్మాజ్ ఇల్లు, ఆ చలి, కిటికీ అద్దం మీద ఆవిరి, అన్నీ గొంతులోకి వచ్చాయి గానీ, ఎదురుగా ఉన్న మనిషి మాత్రం రాలేదు.

కంచంలో ఒక్క ముక్క మిగిలింది. ఆయన చెయ్యి దాని మీద ఆగింది. రోజూ అయితే శేషం లేకుండా చేసేవారు. ఈసారి దాన్ని పప్పులో ముంచి, మెల్లగా చుట్టారు. మేకుకి వేలాడుతున్న విసనకర్ర వైపు ఒకసారి చూశారు. చెయ్యి వణుకుతోంది. బూరె జారిపోయింది ఇలాంటి చేతిలోంచే అయ్యుంటుంది.

"ప్రేమా," అన్నారు.

తిరువూరు వచ్చాక అదే మొదటిసారి. నేను వినపడనట్టు ఉప్పుగిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ముద్ద వచ్చేస్తుంది, పిలుపు ఆగిపోతుంది. ఇంకొక్కసారి పిలుస్తారేమోనని.