గాజుబట్టీలో జంట పని

సంచి సర్దడం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైనా తెమల్లేదు. వదిన ఒకటి పెడుతుంది, ఆడపడుచు రెండు తీస్తుంది. దుప్పటి పెడితే, అక్కడ పడకలు వాళ్ళే ఇస్తారట కదా అని తీసి పక్కన పెట్టింది. చిన్న గిన్నె, గరిటె పెడితే వాటినీ తీసింది. కాలిన గాయాలకు రాసుకునే మందు డబ్బా కనబడినప్పుడు మాత్రం కాస్త ఆగింది.

"పట్నంలో కమిటీలో కూర్చుంటే కూడా ఒళ్ళు కాలుతుందా వదినా?"

"ఏమో, ఎవరు చూసొచ్చారు. ఉండనీ."

ముందు గదిలో కుట్టుమిషన్ తొక్కుతున్నాయన వదినకు భర్త, ఆడపడుచుకు అన్న. ఇల్లు కూడా మడతపెట్టి ఇస్తాను, సంచిలో పెట్టుకుపో అన్నాడు. నవ్వాల్సిన మాటే. వదినకు నవ్వు రాలేదు. ఎవరైనా సంచి సర్దుతుంటే, ఆ మనిషి ఇక తిరిగి రాదేమోనని ఆమెకు చిన్నప్పటి నుంచీ గుబులు. ఇప్పుడు వెళ్ళేది తానే అయినా, ఆ గుబులు అలాగే ఉంది.

వదిన గాజుబట్టీలో ఊదే మనిషి. ఆడపడుచు అందుకునే మనిషి. వదిన పొడవాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను ఊది కూజాగానో దీపపు చిమ్నీగానో పెంచుతుంది. అడుగు కుదిరాక మూతి చెయ్యాలంటే, ఆ వస్తువు గొట్టాన్ని వదిలి ఇంకో కడ్డీ మీదికి మారాలి. ఆడపడుచు కడ్డీ చివర చిటికెడు వేడి గాజు అంటించి తెచ్చి అడుగున ఆనిస్తుంది. అతికిందని తెలియగానే "ఉంది" అంటుంది. అప్పుడు వదిన ఆ వస్తువు మెడ దగ్గర నీటి చుక్క వేసి గొట్టాన్ని తడుతుంది. వస్తువు ఈ చేతి నుంచి ఆ చేతికి వెళ్ళిపోతుంది. ఏ బట్టీలోనైనా ఇంతే. కానీ వీళ్ళిద్దరూ ఆ మాట అనడం ఎప్పుడో మానేశారు. అతికిన క్షణాన ఆడపడుచు కింది పెదవి కాస్త లోపలికి పోతుంది. వదిన కళ్ళు గాజు మీద కాదు, ఆ పెదవి మీద ఉంటాయి. పక్క బట్టీల వాళ్ళు వీళ్ళను మూగజంట అంటారు. అన్నప్పుడల్లా వదినకు లోలోపల గర్వంగా ఉంటుంది.

వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆడపడుచు గౌను వేసుకుని గోడవారన నిలబడే పిల్ల. తల దువ్వింది, జ్వరాలొస్తే కంటికి రెప్పలా చూసింది, పెద్దయ్యాక చెయ్యి పట్టుకుని బట్టీకి తీసుకుపోయింది. పిల్లలు లేని ఆమెకు కడుపు నిండినట్టుందంటే అది ఆ పిల్ల వల్లే.

ఇప్పుడు ప్రతి వృత్తికీ బళ్ళు పెడుతున్నారు. ఏ పని నేర్చిన మనిషి ఏం చేయగలగాలో ముందుగా వాక్యాలుగా రాస్తారట. వాటినే ప్రమాణాలంటారు. పాఠమైనా, పరీక్షైనా, సర్టిఫికెట్టైనా ఆ వాక్యాల ప్రకారమే. గాజు పనికి వాటిని రాసే కమిటీకి రమ్మని పట్నం నుంచి వదినను పిలిచారు. బట్టీ మేనేజరు ఆ పిలుపు కాగితం చేతికిస్తూ ఒక మాట చెప్పాడు. ఊదడం ఒకరి పని, అందుకోవడం ఇంకొకరి పని అని విడదీసి రాస్తే, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని ఏ ఊరి బట్టీకైనా, ఏ బడికైనా పంపుకోవచ్చు. జంట పని అని ఒక్కటిగా రాస్తే మాత్రం జంటను ఎవరూ విడదీయలేరు. అమ్మా, అక్కడ కూర్చునేది మీరే, ఆలోచించి రాయించండి అన్నాడు.

ఆలోచించడానికి ఏముంది? జంట పని అని రాయించాలి. సంచిలో ఏది మరిచినా ఈ మాట మరవకూడదు అనుకుంటూ వదిన బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తే ఆడపడుచు చెయ్యి ఊపడం మాని, ఎండకు కళ్ళు చిట్లించి బస్సు ముందున్న దారికేసి చూస్తోంది. బస్సు కదిలినా ఆ చూపు ఇటు తిరగలేదు.

కమిటీ కూర్చున్నది ఒకప్పటి నూలు మిల్లులో. యంత్రాలు తీసేసిన హాలు, పైన అద్దాల కప్పు. వెలుతురు పాలలా కిందికి దిగి, బల్లల మీద, మనుషుల జుట్టు మీద నిలిచిపోయింది. మాటలు పైకి వెళ్ళి ఎక్కడో తిరిగి, ఆలస్యంగా చెవికి వస్తున్నాయి. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు నడిచి వదిన తన బల్ల దగ్గరికి చేరింది. ఒక్కో రంగానికి ఒక్కో బల్ల. రొట్టెలు కాల్చేవాళ్ళు, క్రేన్ నడిపేవాళ్ళు, ఆపరేషన్ గదిలో నర్సులు, వడ్రంగులు, వైర్లు లాగేవాళ్ళు.

కమిటీని నడిపే ఆవిడ చాలా ఏళ్ళు వృత్తి బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పలక మీద రాసినట్టు నెమ్మదిగా మాట్లాడుతుంది. మొదటి రోజు కాగితం ముట్టుకోవద్దంది. పనిముట్లు కూడా వద్దంది.

"ఖాళీ చేతులతో మీ పని చేసి చూపండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రాద్దాం."

మొదట అందరూ సిగ్గుపడ్డారు. తరువాత ఒక రొట్టెల మనిషి గాలిని పిసకడం మొదలుపెట్టాడు. వడ్రంగి లేని చెక్కను నిమిరి, లేని పొట్టును ఉఫ్‌మని ఊదాడు. కాసేపటికి హాలంతా చేతులే. చప్పుడు లేదు. నర్సు కనబడని కత్తెరను కనబడని అరచేతిలో పెడుతోంది. క్రేన్‌కు సైగ చేసే మనిషి రెండు చేతులూ ఎత్తి, మెల్లగా, మెల్లగా అంటూ ఆకాశంలో ఏ బరువునో దించుతున్నాడు. అంతమంది ఏదో ఒకటి మోస్తున్నారు, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. వదినకు ఇది నిజమో, బస్సులో కునుకు పడితే వచ్చిన కలో తెలియలేదు.

ఆమె కూడా లేని గొట్టాన్ని పెదవులకు ఆనించి ఊదింది. లేని కూజా పెరిగింది. తిప్పింది, వాల్చింది. అందుకునే చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. చూడ్డానికి పెదవి లేదు. అలా వంగినదల్లా వంగినట్టే ఉండిపోయింది.

నడిపే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. ఇక్కడేనా మీ వాక్యం అని అడిగింది. ఇది ఇద్దరి పనమ్మా అంది వదిన. తన బెదురంతా ఒక్క గుక్కలో బయటపెట్టింది. ఇది విడదీసే పని కాదని, ఏళ్ళ తరబడి అలవాటైన జంట ఉంటేనే గాజు నిలుస్తుందని, సర్టిఫికెట్ ఇస్తే జంటకే ఇవ్వాలని చెప్పింది. క్రేన్ సైగల మనిషి వెంటనే వంత పాడాడు. తన క్రేన్ మీద ఉండే బావమరిది తన భుజం చూసి బరువు దించుతాడట. ఇంట్లో మాత్రం పదిసార్లు పిలిచినా పలకడట. అందరూ నవ్వారు. కొందరు తలలూపారు. వదినకు కొండంత అండ దొరికినట్టయింది.

నర్సు మాత్రం నవ్వలేదు.

"మా డాక్టరుకి నా చెయ్యి అలవాటేనండీ. నాకు జ్వరమొస్తే? బల్ల మీద కోసి పెట్టిన మనిషి నేను లేచేదాకా ఆగుతాడా?"

సరే, చేసి చూద్దాం అంది నడిపే ఆవిడ.

మిల్లు వెనక వృత్తి బడి వాళ్ళ చిన్న బట్టీ ఉంది. మర్నాడు వదినను అక్కడికి తీసుకెళ్ళారు. అందుకోవడానికి ఇంకో ఊరి బట్టీ నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి సిద్ధంగా ఉన్నాడు. పనిమంతుడని నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. వదిన ఊదింది. కూజా చక్కగా వచ్చింది. ఇంత తేటగా ఎప్పుడూ రాలేదేమో కూడా. నారింజ రంగు వెలుగు దాని లోపల నిద్రపోతున్నట్టుంది. అతను కడ్డీ తెచ్చి అడుగున ఆనించాడు. వదిన అలవాటు కొద్దీ అతని మొహం చూసింది. అతని కింది పెదవి లోపలికి పోయింది. ఆమె నీటి చుక్క వేసి తట్టింది.

అతను గుటక మింగాడంతే. గాజు ఇంకా అతకలేదు.

కూజా ఇటూ కాక అటూ కాక నేల మీద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. వేడి గాజు పగలడం కంటే ముందు కాస్త కూలబడుతుంది, అలసిన మనిషిలా. ఒక తునక ఎగిరి అతని మణికట్టుకు తగిలింది. అతను అబ్బా అని కూడా అనలేదు.

"నేను ఉంది అనలేదు కదమ్మా," అన్నాడు మెత్తగా.

వదిన సంచిలోంచి మందు డబ్బా తెచ్చి అతని చేతికి రాసింది. తాను చూసుకుని మురిసింది పనినా, పిల్లనా? తన ఆడపడుచు పెదవి ఎవరి బళ్ళోనూ పాఠం కాదు. రేపు తనకు ఊపిరి అందకపోతే, ఆ పిల్ల వేరే మనిషి ఎదుట నిలబడి నోరు తెరవక ఇలాగే ఎవరి చెయ్యో కాలుస్తుంది. ఆ పిల్లకు మాట నేర్పించి, తానే మళ్ళీ మాన్పించింది.

మధ్యాహ్నం హాలులో వాక్యం రాసేటప్పుడు అందరూ ఆమె వైపు చూశారు. జంట పని అని రాయించుకోవడానికి ఇంకా దారి ఉంది, సైగల మనిషి ఇప్పటికీ ఆమె పక్షమే. వదిన లేచి నిలబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎవరితోనైనా చేయగలగాలి అని రాయండి. కొత్త మనిషి ఎదురుగా ఉన్నా, అందిందని నోటితో చెప్పి అందుకోగలగాలి. చెప్పింది విన్నాకే వదలగలగాలి."

ఇది నా బల్లకూ కావాలి అంది నర్సు. మా బావమరిది వింటే కదా అని గొణుగుతూనే సైగల మనిషీ ఒప్పుకున్నాడు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ఆ వాక్యం నడుచుకుంటూ పోయింది. అద్దాల కప్పు కింద సాయంత్రం దాకా, ఇవ్వడం గురించి, అందుకోవడం గురించి ఎవరో ఒకరు చదువుతూనే ఉన్నారు. వదిన చెవులకు అదంతా దూరపు వానలా వినబడింది.

ఇంటికి వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మిషన్ ఆపి విన్నాడు. ఆడపడుచు నేల చూస్తూ విని, చివరికి ఒక్కటే అడిగింది.

"అంటే నేను వేరే ఎవరితోనైనా చెయ్యొచ్చా వదినా?"

ఆ గొంతులో బాధ ఉంటుందేమోనని వదిన వెతికింది. ఉంది, లేదనడానికి లేదు. దాని కింద ఇంకేదో కూడా ఉంది, బస్సు వెళ్ళే దారికేసి చూసిన చూపు లాంటిది. చెయ్యొచ్చు పిల్లా అంది వదిన.

పరీక్ష వానలు మొదలయ్యాక పెట్టారు. ఆడపడుచుకు ఊదింది ఎవరో తెలియని ఆవిడ. వదిన గోడ దగ్గర చూసేవాళ్ళతో పాటు నిలబడింది. మొదటి వస్తువుకు ఆడపడుచు పెదవి లోపలికి పోయింది. అంతలోనే ఆ పిల్ల నోరు తెరిచి "ఉంది" అంది. ఏళ్ళ తరువాత వింటే ఆ గొంతు ఎవరిదో పెద్ద మనిషిదిలా ఉంది. బట్టీ మంట ఆ పిల్ల మొహం మీద ఊగింది. గాజు చెయ్యి మారింది. ఆ తరువాత ఒక్కసారి కూడా ఆ పిల్ల గోడ వైపు చూడలేదు, చూడనక్కర్లేకపోయింది.

సర్టిఫికెట్‌తో పాటే ఇంకో పిలుపు వచ్చింది. సముద్రం పక్కన కొత్తగా పెట్టిన బడిలో అందుకునే పని నేర్పడానికి మనిషి కావాలట, ఒక జట్టు పిల్లల చదువు పూర్తయ్యేదాకా. అన్నగారు గొంతు సవరించుకుని, పోనీలే, ఇంట్లో మూగనోములు తప్పుతాయి అని నవ్వబోయి, నవ్వలేక సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. ఎండాకాలం సెలవులకు వచ్చేస్తాను వదినా, నువ్వు ఇంకెవరినీ ఎదురుగా నిలబెట్టుకోకు అంది ఆడపడుచు. పని ఆగదు కదే, నిలబెట్టుకుంటాను అంది వదిన.

వదిన ఎదురుగా ఇప్పుడు వేరే మనిషి నిలబడుతోంది. గట్టిగా పలుకుతుంది, పని బాగానే చేస్తుంది. సముద్రపు ఊరి నుంచి, ఆ పిల్ల దగ్గర ఒక జట్టు తరువాత ఇంకో జట్టు మొదలైందని కబురు వస్తుంటుంది.

ఆడపడుచు ఆ ఏడు వానలు వెలిసిన వారంలో వెళ్ళింది. ఆ ఎండాకాలం రాలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ రాలేదు.