ఒకే వరసలో నాలుగు కుర్చీలు

హోటలు తివాచీ మీద కాలు పెట్టగానే బఠాణీ ఆగిపోయి చెప్పులు విడవబోయింది. అంత మెత్తటి దాన్ని చెప్పుకాళ్ళతో తొక్కడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

"వేసుకోవే తల్లీ, నలుగురూ చూస్తున్నారు," అని వెనక నుంచి అక్క గదిమింది.

"మా ఇంట్లో పరుపు కూడా ఇంత మెత్తగా ఉండదక్కా."

"అందుకేనేమో మీ ఆయన వరండాలో పడుకుంటాడు," అంది నిదానం. మామూలుగా నిదానం జవాబు చెప్పేసరికి అవతలివాళ్ళు అడిగిన సంగతే మర్చిపోయి ఉంటారు. ఈసారి ఎందుకో సమయానికి అందుకుంది.

గంట నవ్వబోయింది. నవ్వు సగంలోనే బొంగురుపోయి దగ్గులోకి దిగింది.

"జలుబు ఇంకా వదల్లేదా నిన్ను?" అని అడిగింది అక్క.

"వదులుతుందిలే," అంది గంట.

అది జలుబు కాదు. గొంతులో ఏదో పెరిగింది. సోమవారం కోసి తీసేస్తామన్నారు. తీశాక మాట ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా గాలి ఊదినట్టు ఉంటుందే తప్ప ఈ గొంతు మాత్రం ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఈ ముగ్గురికీ తెలియదు. "ఫోన్ చేసి చెప్పెయ్యరాదూ, దీనికి హోటలెందుకు?" అన్నాడు మొగుడు. గంట ఒప్పుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి చావు కబుర్లూ తీగ మీద మోసింది తను. తన కబురు మాత్రం తీగ మీద వెయ్యనంది. గొంతుండగానే, పక్కన కూర్చుని, తన నోటితో తను చెప్పుకోవాలి. ఆమె పట్టుదలంతా అదొక్కటే.

గంట అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పెట్టింది; మిగతా ముగ్గురివీ అంతే. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఒకప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాలి. గోడంత పొడుగు బోర్డు, దాని నిండా చిల్లులు, ఒక్కో చిల్లుకీ ఒక చిన్న దీపం. దీపం వెలిగిందంటే ఎవరో ఫోనెత్తారన్న మాట. తీగ తీసి అందులో గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో తీగ వాళ్ళ చిల్లులో గుచ్చాలి. నలుగురూ లంగావోణీలు వదిలి చీరలు కట్టిన కొత్తలో చేరారు. బోర్డులు పీకేసిన రోజుదాకా భుజాలు రాసుకుంటూ దాని ముందు కూర్చున్నారు. గంట గొంతు ఎంత దూరపు లైన్లోనైనా, ఎంత గరగరలోనైనా ఖంగుమని వినపడేది. తీగలు తడిసి మిగతావాళ్ళ మాట అందని రోజున, "గంటనివ్వండి, గంటనివ్వండి" అని అవతలి ఊరి ఆపరేటర్లు అడిగి మరీ పిలిపించుకునేవాళ్ళు.

ఈ హోటలు కూడా ఆ బోర్డు మీదదే. పై వరసలో కుడి చివర దాని దీపం. సాయంత్రమైతే చాలు, మిణుకు మిణుకుమంటూ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. గదుల్లో దిగినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి ఏం తిన్నారో వర్ణించి వర్ణించి చెప్పేవాళ్ళు. ఇక్కడ వీళ్ళు బోర్డు కింద ఒళ్ళో డబ్బా పెట్టుకుని, చల్లారిన అన్నం ఒక్కో ముద్ద నోట్లో వేసుకుంటూ వినేవాళ్ళు. వినకూడదనే రూలుంది. రూలు రాసినవాడు ఆకలి మీద ఆ లైను విని ఉండడు. "ఎప్పటికైనా అక్కడికెళ్ళి కడుపు పగిలేలా తినాలే" అని బఠాణీ అంటూనే ఉండేది. ఇన్నేళ్ళకు గంట పిలిస్తే అందరూ ఎగిరి గంతేసి వచ్చారు.

గుండ్రటి బల్ల. మధ్యలో పూలు, చుట్టూ నాలుగు కుర్చీలు. బిగుతు కాలరు సర్వరు కుర్చీ వెనక్కి లాగి నిలబడితే, ఎందుకు లాగాడో తెలియక నిదానం అతన్నే కూర్చోమంది. మొత్తానికి సర్దుకుని కూర్చున్నారు.

కూర్చున్నాక మాటలు రాలేదు.

నలుగురిలో ఎవరూ అది ముందుగా ఊహించలేదు. ఫోన్లో గంటలు గంటలు వాగుతారు. పెళ్ళిళ్ళలో కలిస్తే పందిరి స్తంభానికానుకుని ప్రపంచాన్ని చీల్చి చెండాడతారు. ఇక్కడ మాత్రం ఎదురుబొదురుగా మొహాలు. గంటకు బఠాణీ ఎడమ చెంప తెలుసు, చెవి కింద పుట్టుమచ్చ తెలుసు. నిదానం కుడి చెంప తెలుసు, ఆ వైపు ముక్కుపుడక రాయి ఎప్పుడు రాలిపోయిందో తెలుసు. మొత్తం మొహాన్ని ఇంతసేపు, ఇంత వెలుతురులో చూడటం ఇదే. బఠాణీ కళ్ళు రెండూ ఒక సైజు కావని గంటకు ఇప్పుడే తెలిసింది.

"ఏంటే అలా చూస్తావ్?" అంది బఠాణీ.

"ఏం లేదు."

"జుట్టుకు రంగేశావని చూస్తోందిలే," అంది అక్క.

"వెయ్యనా మరి? నీలాగ సున్నం కొట్టిన గోడలా తిరగమంటావా?"

నవ్వారు. సూపు వచ్చింది. చెంచాల చప్పుడు. నిదానం తన మోకాళ్ళ నొప్పి గురించి మొదలుపెట్టి, అందరూ తననే చూస్తుంటే సిగ్గుపడి మధ్యలో ఆపేసింది.

ఇదే అదననుకుంది గంట. గ్లాసెత్తి రెండు గుక్కలు తాగి, "మీకో మాట చెప్పాలే," అంది.

మూడు మొహాలూ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. ఆరు కళ్ళు. గంట చూపు దించి చెంచాతో సూపు కలిపింది.

"ఈ సూపులో... ఉప్పు తక్కువైంది," అంది.

అక్క ఆఖరికి సూపర్‌వైజరై రిటైరైన మనిషి. ఫిర్యాదు చెవిన పడితే ఊరుకోలేదు. వెంటనే చెయ్యెత్తి సర్వరును పిలిచి, ఇంత పెద్ద హోటలు పెట్టుకుని చిటికెడు ఉప్పుకు మొహం వాచారా అని నిలదీసింది. అతను వంగి వంగి క్షమాపణలు చెప్పి, బ్రహ్మాండంగా ఉన్న సూపును లోపలికి పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చింది నోట పెట్టుకుంటే ఒకటే ఉప్పు. గంట కిక్కురుమనకుండా అంతా తాగింది. అడిగింది తనే కదా.

ఇక ఈ రాత్రికి ఇంతేననుకుంది. తిని, ఐస్‌క్రీమ్ నాకి, ఆటో ఎక్కి ఇంటికి పోవడమే. సోమవారం అయ్యాక మొగుడు వీళ్ళకు ఫోన్ చేస్తాడు. ఆ మనిషి ఏ సంగతైనా రెండు ముక్కల్లో, అదీ తప్పుగా చెబుతాడు.

అప్పుడు బఠాణీ భుజాలు ముడుచుకుని పమిట తలమీదకు లాక్కుంది. "నెత్తిమీద ఈ చల్లగాలి ఏంట్రా నాయనా! ఇంకాసేపుంటే నన్ను కూడా ఫ్రిజ్‌లో దాచిన కూరనుకుంటారు."

సర్వరు పరుగున వచ్చాడు. గాలి తగలని చోటు అద్దాల గోడ దగ్గర ఒక్కటే ఉందన్నాడు. కాకపోతే అది అద్దానికి ఆనించిన సన్నటి పొడుగాటి బల్లనీ, నలుగురూ ఒకే వైపు కూర్చోవాలనీ, ఒంటరిగా వచ్చినవాళ్ళ కోసం వేసిందనీ నసిగాడు.

"ఒకే వైపా?" అంది అక్క.

నలుగురూ లేచారు. ఎవరెక్కడ కూర్చోవాలో ఒకరినొకరు అడగలేదు. ఆ చివర నిదానం, పక్కన గంట, ఆ పక్కన బఠాణీ, ఈ చివర అక్క. కుర్చీలు ముందుకు జరుపుకుని, మోచేతులు బల్లకానించి, ఎదురుగా అద్దం లోంచి వీధి వైపు చూశారు. కింద వీధిలో బళ్ళ దీపాలు వెలుగుతూ ఆరుతూ పోతున్నాయి.

"నాకెక్కడ కూర్చున్నా మోకాలు లాగుతుందే," అంది నిదానం. గుండ్రటి బల్ల దగ్గర మింగేసిన మాట అది.

అంతే, కట్ట తెగింది. నిదానం మోకాలి దగ్గర్నించి డాక్టరు దగ్గరకు, డాక్టరు నుంచి ఆయన పిసినారి పెళ్ళాం దగ్గరకు పోయింది. అదే సమయంలో బఠాణీ అటు తిరక్కుండా అక్కకు తన కోడలి సంగతి చెబుతోంది. అక్క అది వింటూనే నిదానానికి ఏదో నూనె రాయమంటోంది. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నలుగురికీ అన్నీ వినపడుతున్నాయి. బోర్డు ముందు అంతే. నోరు ఒక లైన్లో, చెవి మూడు లైన్లలో. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. గంటకు ఎడంవైపు నుంచి నిదానం భుజం వెచ్చగా తగులుతోంది, కుడివైపు బఠాణీ నమిలినప్పుడల్లా మోచెయ్యి డొక్కలో పొడుస్తోంది. ఆ పోటు ఎంత పాతదో! గంట కడుపుతో ఉన్నప్పుడు కూడా పొడిచేది, "లోపల ఉన్నదానికి నేను తెలియద్దూ?" అని పైగా బుకాయించేది.

వీధిని చూస్తూనే, గొంతు పెంచకుండా, గంట చెప్పేసింది.

"నాది జలుబు కాదే. గొంతులో గడ్డ. సోమవారం కోస్తారు. తర్వాత మాట రాకపోవచ్చుట."

మొదట నిదానం ఆగింది. తర్వాత అక్క. బఠాణీ ఒక్కతే నములుతూ, నములుతూ, ఆపింది.

ఎవరూ ఆమె వైపు తిరగలేదు. తిరిగి ఉంటే ఏడ్చేసేది. నిదానం భుజం మాత్రం ఇంకొంచెం బరువుగా ఆనుకుంది.

"ఎన్నాళ్ళుగా తెలుసు?" అని అద్దాన్ని అడిగింది అక్క.

"వానల ముందు నుంచి."

"గడ్డ మంచిదా, చెడ్డదా?"

"కోసి చూస్తే గానీ తెలియదన్నారు. ప్రాణానికేం ఫరవాలేదంటున్నారక్కా. గొంతే..."

"గొంతే అంట! గొంతే!" బఠాణీకి కోపం ముంచుకొచ్చింది. ఏడవాల్సిన చోట కోపగించుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. "సన్నాసిదానా, ఇది కడుపులో పెట్టుకుని నా కోడలి సోది వింటూ కూర్చున్నావా? ముందే చెప్పి తగలడితే నేను నోరు మూసుకునేదాన్ని కదా!"

"నువ్వా? నోరు మూసుకోవడమా?" అంది అక్క.

"మూసుకుంటా. ఇదిగో, మూసుకున్నా. ఇక గంటే మాట్లాడాలి. ఎవరన్నా మధ్యలో దూరారో చూడండి."

"సోమవారం ఆసుపత్రికి నేనొస్తా," అంది అక్క. "డాక్టరుతో నేను మాట్లాడతా."

"వద్దక్కా, ఉప్పు గురించి అడిగినట్టు అడిగితే కత్తి వణుకుతుంది ఆయనకి," అంది గంట.

నవ్వు ముందు నిదానం దగ్గర మొదలైంది, అదే వింత. కుర్చీ కదిలేంతగా నవ్వి కళ్ళు తుడుచుకుంది, తుడుచుకోవడం ఎంతకీ ఆపలేదు. అక్క ముక్కు చీదింది. బఠాణీ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మూసుకున్నానన్న మాట నిలబెట్టుకుంటూ, భుజాలు ఎగరేసింది.

"ఊఁ, మాట్లాడు," అంది అక్క.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. విందాం."

మాట్లాడమంటే ఏం గుర్తొస్తుంది? ముగ్గురూ చెవులప్పగించి కూర్చున్నారు. సర్వరు వచ్చి ఇంకేమైనా కావాలా అని అడగబోతే, అక్క వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి, "కాసేపాగు బాబూ, ఆవిడ చెబుతోంది," అంది. ఆవిడ ఇంకా ఏమీ చెప్పడం లేదు.

కాసేపటికి గంట గొంతు సవరించుకుంది. బొంగురు పోలేదు గానీ అడుగున పాత ఖంగుమనేది ఇంకా ఉంది. ఎప్పుడో ఒక కలప వ్యాపారి ఎక్స్‌ఛేంజికే వచ్చేసిన రోజు గురించి మొదలుపెట్టింది. ఫోన్లో విన్న గొంతు ఎవరిదో కళ్ళారా చూడాలని పళ్ళబుట్ట మోసుకుని వచ్చాడు. నలుగురూ బోర్డు వైపు తిరిగి కూర్చున్నారాయె, వీపులు తప్ప ఏం కనపడవు. ఒక్కొక్కరి వెనకా చెవి పెట్టి నడిచాడు. గంట భయంతో బిగుసుకుపోయి నోరెత్తలేదు. చివరికి బుట్ట తీసుకెళ్ళి నిదానం ఒళ్ళో పెట్టాడు.

ముగ్గురికీ ఈ కథ తమ పిల్లల పేర్లంత బాగా తెలుసు. ఊపిరి బిగబట్టి కొత్తగా విన్నట్టు విన్నారు.

"తను కాదని ఈ నిదానం చెప్పొచ్చు కదా! చెప్పదు. ఆలోచిస్తోంది. వాడు మెట్లు దిగి, వీధి దాటి, బస్సెక్కాక అప్పుడు అంటుంది, నేను కాదండీ అని. ఈలోగా బఠాణీ యాపిల్స్ సగం..."

"దానిమ్మలు," అంది బఠాణీ, ఉండబట్టలేక.

"యాపిల్సే."

"తిన్నదాన్ని నాకు తెలియదా? దానిమ్మలే. బోర్డు మీద గింజలు పడ్డాయని అక్క తిట్టలా?"

"తిట్టాను," అంది అక్క. "కానీ అవి ద్రాక్షపళ్ళేమో?"

గంట బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. గ్లాసులు గలగలమన్నాయి. "చెప్పేది నేనా, మీరా?"

"నువ్వే, నువ్వే," అన్నారు ముగ్గురూ.

"అయితే నోళ్ళు మూసుకుని వినండి. యాపిల్స్," అంది గంట. ఒక గుక్క నీళ్ళు తాగి, కలప వ్యాపారిని మళ్ళీ గుమ్మం దగ్గర నిలబెట్టి, మొదటి నుంచి ఎత్తుకుంది.