థర్మాకోల్ గుహ

పదిహేనేళ్ల తర్వాత నా మేనల్లుడు వేణుమాధవ్ మా గుమ్మం దాకా వచ్చింది ఒక గుహ కోసం.

చిన్నప్పుడు నా భుజాల మీద పెరిగినవాడే. వాడి తండ్రి ఓదేలు, గనిలో పైకప్పు కూలి చనిపోయిన రోజు నుంచి వాడి తల్లి, అంటే నా చెల్లెలు జమున, నాతో మాట మానేసింది. గోదావరిఖని కూరగాయల మార్కెట్లో ఎదురైతే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగేది. వీడూ అంతే. అటువంటివాడు ఒక పొద్దున, నేను తులసికి నీళ్లు పోసి లేచేసరికి గేటు బయట చెప్పులు విప్పకుండా నిలబడి ఉన్నాడు.

"సినిమా తీస్తున్న," అన్నాడు. మామా అని పిలవలేదు.

"ఏం సినిమా?"

"స్పేస్ సినిమా. రాకెట్ల వేరే గ్రహం మీదికి పోతరు. ఆడ ఒక గుహ ఉంటది. గుహ కట్టేటోళ్లు దొరుకుతలేరు. కర్రలు నిలవెట్టుడు నీకు బాగొస్తదని అందరు చెప్తున్నరు."

లోపలి నుంచి నా భార్య పోశవ్వ అందుకుంది. "మా బాత్రూం గోడే వంకర వెట్టిండు బిడ్డా. గీయన గ్రహం మీద ఏం కడ్తడు?"

వాడు నవ్వలేదు. ఎవరెవరు నటిస్తున్నారని అడిగాను. అంతరిక్ష యాత్రికులుగా మా గనిలో రిటైరైన నలుగురు. తలకు దీపం పెట్టుకుని, వంగి నడవడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదట. కెప్టెన్‌గా కామరాజు సార్.

"షూటింగు జేసే షెడ్డు ఆయనదే. కెమెరా గూడ ఆయనే ఇప్పిచ్చిండు," అన్నాడు వేణు. "మంచి మనిషి."

"వస్త," అన్నాను.

పోశవ్వ గడప మీదికి వచ్చి నా ముఖంలోకి చూసింది. వాడు వెళ్లాక అంది. "నువ్వు గుహ కోసం పోతలేవు."

నేను గనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేశాను. సర్దార్ అంటే పెద్ద అధికారి కాదు. బొగ్గులో మందు పేల్చి పొగ తగ్గాక, అందరికంటే ముందు లోపలికి పోయి చేతికర్రతో పైకప్పును కొట్టి చూసేవాడు. గట్టిగా పలికితే మంచి కప్పు. డొల్లగా పలికితే కింద మనిషి నిలబడకూడదు. సర్దార్ కొట్టి చూసి "మంచిగున్నది, రాండ్రి" అనేదాకా ఎవడూ అడుగు వెయ్యడు. ముప్పై ఏళ్లు చేసినవాడైనా వెయ్యడు.

ఆ రోజు నేను కొట్టాను. డొల్లగా పలికింది. అప్పుడు అండర్‌మేనేజరుగా ఉన్న కామరాజు సార్‌తో, "కప్పు బాగలేదు సార్, దిమ్మెలు పెట్టాలె" అని చెప్పి, కప్పుకు ఆనించే కర్ర దిమ్మెల కోసం వెనక్కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ధూళి. ఓదేలు పోయాడు. అతని వెనక ఉన్న ముత్యం కాలు విరిగింది. సర్దార్ కప్పు బాగుందన్నాడని కామరాజు విచారణ అధికారులకు చెప్పాడు. విచారణలో నా తప్పే అని తేలింది. కర్ర నా చేతిలోంచి తీసుకుని దీపాల గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చి, దీపాలు తీసుకున్నాను.

నా మాట లేకుండా ఓదేలు ఆ కప్పు కిందికి పోడు. ఆ సంగతి నాకు తెలుసు. ఎవరో నా మాటగా అబద్ధం చెబితేనే పోతాడు. అది ఎవరో కూడా తెలుసు. చూసినవాడు మాత్రం లేడు. ముత్యాన్ని ఎన్నిసార్లు అడిగినా, "ధూళిల ఏం యాదికి లేదన్నా" అనేవాడు.

ప్రతి మంగళవారం ఉపవాసముండి గని ముందున్న మైసమ్మకు కొబ్బరికాయ కొడతాను. అందరూ పిల్లల కోసం, ఆరోగ్యం కోసం మొక్కుకుంటారు. నేను పదిహేనేళ్లుగా ఒక్కటే అడిగాను. ఆ కామరాజు నోటితోనే చెప్పించు తల్లీ, మా చెల్లె వినాలె. ఒక మనిషి సిగ్గుపడాలని దేవతను అడగవచ్చునా, అది మొక్కు అవుతుందా అని నాకు సందేహమే. అయినా మానలేదు.

షెడ్డు ఊరి చివర మూతబడ్డ రైసుమిల్లు. వెదురు బొంగులు కట్టి, గోనెపట్టాలు కప్పి, థర్మాకోల్ పలకలకు నల్లరంగు పూసి పది రోజుల్లో గుహ నిలబెట్టాను. దూరం నుంచి చూస్తే నిజంగా గని మొఖంలాగే ఉంది. యాత్రికుల బట్టలు కారు మీద కప్పే వెండిరంగు కవర్లతో కుట్టించారు. నీళ్ల క్యాన్లు అడుగు కోసి బోర్లిస్తే అవే హెల్మెట్లు. ఊపిరికి వెనక రంధ్రాలు పెట్టారు. కొక్కేలు కూడా వెనకే, మెడ కింద. తొడుక్కున్నవాడికి చెయ్యి అందదు. ఇంకొకరు తియ్యాలి.

"పెండ్లికొడుకు లెక్క నిలవడాలె గాని సొంతంగ చేతగాదు," అని, ఆ నలుగురు యాత్రికుల్లో ఒకడైన ముత్యం నవ్వేవాడు.

జమున రోజూ వచ్చి మిల్లు ఆవరణలో అందరికీ వండేది. నా విస్తరి మాత్రం వేరేవాళ్ల చేతికిచ్చి పంపేది.

ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఇసుక బస్తా ఒకటి మోసుకెళ్లి, కెప్టెన్ నిలబడే గుర్తుకు సరిగ్గా పైన, బొంగుల మధ్య ఎక్కించాను. షూటింగులో తాడు లాగితే ఊడిపడే థర్మాకోల్ రాళ్లతో పాటు అదీ పడుతుంది. కిందికి దిగి చూశాను. ఏమీ కనబడలేదు. చాలా చక్కగా కుదిరింది. ఇంటికి సగం దారి పోయి వెనక్కి వచ్చి దించేశాను. భక్తితో దించానో, భయంతో దించానో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు వేణుతో అన్నాను. "అల్లుడా, గుహ ఉత్తగ కూలితే ఏముంటది? ఒక సీను చెప్త, ఇను."

చెప్పాను. రాళ్లను పరీక్షించేవాడు ఒకడుంటాడు. కప్పు బాగలేదంటాడు. కెప్టెన్‌కు తొందర. పరీక్ష చేసినవాడు బాగుందన్నాడని యాత్రికులకు అబద్ధం చెప్పి లోపలికి పంపుతాడు. గుహ కూలుతుంది. అప్పుడు కెప్టెన్ మోకాళ్ల మీద కూలబడి అంటాడు: "అతను వద్దన్నాడు. నేనే పొమ్మన్నాను."

వేణు కళ్లు మెరిశాయి. "మస్తుంది," అన్నాడు. వాడు అందులో తన తండ్రిని చూడలేదు. చూడకూడదనే నేను గ్రహాల పేర్లు పెట్టి చెప్పాను.

షూటింగు రోజు కామరాజు సార్ కారు దిగుతూనే, "ఏం మొగిలీ, కులాసానా? ఇంకా ఉపవాసాలేనా?" అని భుజం తట్టాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు. వెండి బట్టలు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని కాగితాలు చదివాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ చదివాడు. నావైపు చూడలేదు. గుర్తుపట్టాడని ఆ చూడకపోవడంలోనే తెలిసింది.

"వేణూ, సీను బావుందయ్యా," అన్నాడు. "కానీ కెప్టెన్ హీరో కదా, అబద్ధమాడితే జనం ఒప్పుకోరు. ఇలా పెడదాం. ఆ పరీక్ష చేసేవాడు నిద్రపోయాడు. కప్పు చూడకుండానే చూశానన్నాడు. కెప్టెన్ పాపం నమ్మి పంపించాడు. అప్పుడు జాలంతా కెప్టెన్ మీదికొస్తుంది. ఈ చివరి డైలాగు అక్కర్లేదు."

పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు.

వేణు కొంచెంసేపు కాగితం చూశాడు. షెడ్డు ఆయనది, కెమెరా ఆయనది. తలూపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మామా, ఆ వేషం నువ్వే వెయ్యాలె. కర్ర పట్టుకునుడు వేరేటోళ్లకు రాదు. ఏం లేదు, పండుకోవుడే," అన్నాడు.

పదిహేనేళ్ల తర్వాత మామా అన్నది అందుకు.

కాదని లేచిపోవచ్చు. లేచిపోతే ఆ సీను ఇంకెవరితోనో తీస్తారు. నిద్రపోయిన సర్దార్ మొగిలి అని ఊరంతా సెల్‌ఫోన్లలో చూస్తుంది. ఉండి మాత్రం చేసేదేముంది? ఏమీ తోచలేదు. థర్మాకోల్ రాయికి ఆనుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కళ్లు మూశాను. మూసేముందు చూశాను, గుమ్మంలో జమున నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది. బస్తా దించినందుకు ఆ క్షణాన నన్ను నేను తిట్టుకున్నాను. దేవుడి ముందు దాచేదేముంది?

"యాక్షన్," అన్నాడు వేణు.

"పరీక్ష అయిపోయింది," అన్నాడు హెల్మెట్ తగిలించుకున్న కెప్టెన్. "అతను చూశాడు. కప్పు బావుంది. పదండి లోపలికి."

అడుగుల చప్పుడు కోసం ఎదురుచూశాను. వినబడలేదు.

"కట్. ఏమైంది ముత్యం కాకా? నడవాలె గద."

"ఆఁ, నడుస్తం."

మళ్లీ తీశారు. కెప్టెన్ మళ్లీ చెప్పాడు. మళ్లీ చప్పుడు లేదు. కళ్లు తెరిచాను. నలుగురు ముసలివాళ్లు, నెత్తిన నీళ్ల క్యాన్లతో, గుహ మొఖం దగ్గర నిలబడి ఉన్నారు. నలుగురూ నా చేతికర్ర వైపే చూస్తున్నారు.

"కాకా, అది థర్మాకోల్," అన్నాడు వేణు.

"ఎరుకే బిడ్డా. దానికి ఫెవికాల్ రాసింది నేనే గద," అన్నాడు ముత్యం. "గాని కాళ్లు కదుల్తలేవు. సర్దార్ పండుకున్నడు. కొట్టి చూడలే. పోండ్రంటే ఎట్ల పోతం?"

మిగతా ముగ్గురూ అదేనన్నట్టు క్యాన్లు ఊపారు.

కామరాజు విసుక్కున్నాడు. "ఇది సినిమా అయ్యా. కెప్టెన్ని నేను. అతను చూశాడని నేను చెబుతున్నాను కదా."

ముత్యం ఆయనవైపు తిరిగాడు. "గప్పుడు గూడ గట్లనే చెప్పిన్రు సార్."



"మొగిలి చూసిండు, మంచిగున్నది, పోండ్రి అన్నరు," అన్నాడు ముత్యం. మెల్లగా, షిఫ్టులో ఏం జరిగిందో పై అధికారికి చెప్పినట్టే చెప్పాడు. "ఓదేలు నన్ను అడిగిండు, మా బావనే చెప్పిండా అని. సారే చెప్తున్నడు గద, నడువు అన్న. గట్ల అన్నది నేను. వాడు ముందు నడిచిండు."

జమున లోపలికి వచ్చింది. "ఎంక్వైరీల ఎందుకు చెప్పలే అన్నా?"

"కాలు ఇరిగి దవాఖానల పడ్డ చెల్లె. సార్ వచ్చి గని దిగకుండ పైన డ్యూటీ ఇప్పిస్త, నోరు తెరవకు అన్నడు. ముగ్గురు పిల్లలు నాకు."

ముత్యం మీద కూడా నాకు మంట లేచింది. ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని చాయ తాగాడు. కానీ ఆ మంటకు తర్వాత టైముంటుంది అనుకున్నాను.

"అవన్నీ పాత సంగతులు. ఈయనకు వయసుతో మతి తప్పింది," అన్నాడు కామరాజు. "వేణూ, నేను బయల్దేరతాను. ఈ హెల్మెట్ తియ్యండి."

మెడ వెనక్కి చెయ్యి పెట్టాడు. కొక్కెం అందలేదు. ముత్యం వైపు వీపు తిప్పాడు. ముత్యం చేతులు కట్టుకున్నాడు. పక్కవాడి వైపు తిప్పాడు. వాడూ అంతే. వేణు దగ్గరికి వెళ్లాడు. వేణు కాగితం విప్పి, కొట్టేసిన మాట దగ్గర వేలు పెట్టాడు.

"ఈ డైలాగు చెప్పుండ్రి సార్. తీస్తం," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

కామరాజు అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. క్యాను లోపల చెమట ధారగా కారుతోంది. చెప్పేస్తే విడిపిస్తారని అనుకున్నాడేమో, గబగబా అన్నాడు.

"అతను వద్దన్నాడు. నేనే పొమ్మన్నాను."

"ఇనవడలే," అన్నాను నేను. పదిహేనేళ్లలో ఆయనతో నేను పైకి అన్న మొదటి మాట అది. "మోకాళ్ల మీద కూసుండాలె గద, అల్లుడా. నువ్వు రాసింది గట్లనే."

కూర్చున్నాడు. మళ్లీ చెప్పాడు. మాట క్యాన్లోనే ఉండిపోతోందన్నాడు ముత్యం. మూడోసారి చెప్పాడు. నాలుగోసారి వేణు కెమెరాను దగ్గరికి జరిపాడు. ఐదోసారి సగంలో ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. నటన కాదది. నా ఒంట్లో చల్లగా ఏదో దిగుతున్నట్టుంది, ఎండలో నడిచి వచ్చి కుండనీళ్లు తాగినట్టు. ఇంత సుఖం దేనికోసం? చచ్చినవాడు లేచి రాడు. దీపాల గదిలో పోయిన ఏళ్లు రావు. అడుగుతూనే ఉన్నాను, సుఖం మాత్రం తగ్గలేదు.

ఆరోసారి చెప్పి కామరాజు రెండు చేతులూ నేలమీద ఆనించాడు. వేణు నావైపు చూశాడు. "చాలా, మామా?"

చాలు అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. ఆ మాట అనే హక్కు అక్కడ నాకు ఉంది. నేను అంటే ముత్యం కొక్కెం తీసేవాడు.

జమున నా పక్కన నేలమీద కూర్చుంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

"అన్నా," అంది నాతో. "ఇంకోసారి చెప్పుమను."

నేను వేణు వైపు చూసి తలూపాను.

కెప్టెన్ మళ్లీ మోకాళ్ల మీద లేచి, "అతను వద్దన్నాడు," అని మొదలుపెట్టాడు.