ఉప్పుకాగితం మిషను

రాఘవులు మంచివాడని గన్నవరంలో అందరూ అంటారు. వాళ్ళెవరికీ వాడు బావమరిది కాడు. బావ భీమరాజుకి వీసా తెప్పిస్తానని రెండేళ్ళు తిప్పి, చివరికి తనే మస్కట్ పోయేడు. ఎనభై మూడు వేసవిలో సెలవుకొచ్చి, ఓ మిషను తెచ్చి బావ చేతిలో పెట్టేడు. కింద ఉప్పుకాగితం పట్టీ గిరగిరా తిరుగుతూ చెక్కని నున్నగా చేస్తుంది. బెల్టు సాండరంట.

"సెలవయ్యేదాకా వాడుకోండి బావగారూ."

ఊరికే ఎందుకిస్తాడు? భీమరాజు అప్పుడు పొరుగున ముత్యాలరాజుగారి టేకు తలుపు చేస్తున్నాడు. చదువు అయిదుతో ఆగినా చెక్కపని చేతికొచ్చినవాడు. తలుపు బాగా కుదిరితే ముత్యాలరాజుగారు తన దొడ్లోంచి భీమరాజు ఇంటికి బండిదారి రాసిస్తారు. పాడైతే కాలవగట్టు మీద భీమరాజు కొబ్బరిచెట్ల ముక్క ఆయనది, అదీ ఒప్పందం. దానిమీద ఆయనకి ఎప్పట్నించో కన్ను. రాఘవులు ఊళ్ళో దిగిన రోజే ఆయన అరుగు మీద కూచుని కాఫీ తాగేడు.

"భుజమ్మీద తువ్వాలు తీసెయ్యండి, పట్టీ లాగేస్తుంది. చెక్కని బల్లకి బిగించండి, లేకపోతే వెనక్కి తంతుంది. మిషను తిరిగేకే ఆనించాలి. నొక్కొద్దు, ఒక్కచోట ఆపొద్దు. చెక్కలో చార ఎటుంటే అటే పోతూ ఉండాలి."

"నొక్కకపోతే ఎప్పటికి తెముల్తుందిరా?"

"దాని బరువే చాలండీ."

పని సాగకుండా చూస్తున్నాడని భీమరాజు అనుమానం. వాడటు వెళ్ళగానే పనికిరాని చెక్కమీద గట్టిగా నొక్కి చూసేడు. దోసిలంత పల్లం పడింది. వాడు చెప్పింది నిజమే. నిజం చెప్పేడంటే ఇంకేదో దాచేడన్నమాట.

తలుపు మీద మాత్రం వాడు చెప్పినట్టే చేసేడు. చేతికి నొప్పెట్టకుండా, వేలు తీసినా మీట నొక్కినట్టే ఉంచే గుండీ బిగించి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. సగమయ్యేసరికి టేకు తేనెరంగు తేలింది. అంతలో కరెంటు పోయింది. మిషను తలుపు మీదే వదిలి, మజ్జిగ తాగడానికి లోపలికెళ్ళేడు.

గ్లాసు నోటి దగ్గరుండగానే పెరట్లో రొద. పరిగెత్తేడు. మిషను తనంతట తనే సాగి, వైరు బిగింపుకి చుట్టుకుని, ఒక్కచోటే తిరుగుతూ తలుపుని కొరికేస్తోంది. ప్లగ్గు పీకేసరికి బొటనవేలు పట్టేంత గుంట.

"ఎవరేసేరే స్విచ్చి?"

"వీధంతా కరెంటొచ్చిందండీ. మీ ఒక్కరికే పంపుతారా?" అంది పెళ్ళాం వీరాయమ్మ.

రాఘవులొచ్చి గుంట చూసి నోరు తెరిచేడు. "గుండీ తియ్యలేదా? ప్లగ్గన్నా పీకలేదా?"

"అన్నీ చెప్పేవు. కరెంటు పోతే ఏం చెయ్యాలో ఒక్కటీ చెప్పలేదేంరా?"

"అక్కడ కరెంటు పోదు బావగారూ. నాకు తోచలేదు."

"ఆయ్. నీకు తోచదు. ముత్యాలరాజుగారికి తోచిందేమో!"

"మా తమ్ముణ్ణంటారేంటండీ?" అని వీరాయమ్మ ఏడుపు మొదలెట్టింది. రాఘవులు మాట్లాడకుండా మిషను సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేడు. మాట్లాడనివాడి దగ్గర మాట ఉన్నట్టే అనుకున్నాడు భీమరాజు.

ముత్యాలరాజుగారు గుంటలో వేలు పెట్టి చూసి "అయ్యయ్యో" అన్నారు. మర్నాడే కాగితాలు రాయించేరు. భీమరాజు సంతకం పెట్టేడు. పోయింది కాలవగట్టు మీద నాలుగున్నర సెంట్లు, కాపుకొచ్చిన తొమ్మిది చెట్లతో సహా.