పెట్టె ముందే వెళ్ళిపోయింది

లోకానికి సెలవులు వస్తే మాకు పని వస్తుంది. నేను ఒక పార్సెల్ డిపోలో సూపర్‌వైజర్‌ని. సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, జనం ఒకరికొకరు ఏదో ఒకటి పంపుకోకుండా ఉండలేరు. దుప్పట్లు, బొమ్మలు, కుక్కర్లు, ఒకసారి మనిషంత ఎత్తున్న చెక్క గుర్రం, అన్నీ మా డిపోలో కదిలే పొడవాటి బెల్టు మీద నుంచే వెళ్ళాలి. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అనే సామెత మా డిపోని చూసే పుట్టి ఉంటుంది.

పిల్లల బడికీ అప్పుడే సెలవులు. వాళ్ళ అమ్మ ఉన్న రోజుల్లో సెలవులు వాటంతటవే వచ్చి, వాటంతటవే గడిచిపోతాయనుకునేవాణ్ణి. వెనక నుంచి ఒకరు తోస్తే తప్ప అవి కదలవని ఆమె పోయాకే తెలిసింది. ఇప్పుడు ఆ తోసే పని నాది. ఇటు బెల్టు, అటు ఇల్లు. ఒకదాన్ని తోస్తుంటే రెండోది ఆగిపోతుంది.

నాకిద్దరు ఆడపిల్లలు. చిన్నది బుడ్డి, ఈ ఏడే బడిలో చేరింది. పెద్దది ఏ గొడవలోనైనా రెండు వైపులా విని తీర్పు చెబుతుంది కనుక ఇంట్లో దాన్ని జడ్జిగారు అంటాం.

మా అక్క సముద్రం ఒడ్డున ఉంటుంది. సెలవులకు అక్కడికి తీసుకెళ్తానని పిల్లలకు రెండేళ్ళు వరసగా చెప్పాను. రెండుసార్లూ చివర్లో డిపో అడ్డం పడింది. రెండుసార్లూ మాకు బదులు అక్కకి పెద్ద అట్టపెట్టె నిండా ఏవేవో పెట్టి పంపించాను. "నీ మొహం మర్చిపోయానురా, నీ అట్టపెట్టెలకే మర్యాదలు చేసుకుంటున్నా" అంటుంది ఫోన్లో.

ఈసారి ముందే బస్సు టిక్కెట్లు తీశాను. ఆ మాట చెప్పగానే బుడ్డి మంచమెక్కి గెంతింది. జడ్జిగారు మాత్రం వాయిదా పడబోయే కేసు విన్నట్టు విని, "సరే నాన్నా" అని పుస్తకంలో పేజీ తిప్పింది.

"నీ గౌన్లు ఏవి పెట్టమంటావే?"

"ఏవైనా ఒకటే."

అలిగిన పిల్లనైతే బతిమాలుకోవచ్చు. నమ్మడం మానేసిన పిల్లని ఎలా బతిమాలాలో నాకు తెలియదు. ఈసారి ఆకాశం విరిగి పడినా వెళ్ళి తీరాలనుకున్నాను.

ప్రయాణం రోజున కూడా నాకు డ్యూటీ ఉంది. పిల్లల్ని చూసుకునే పక్కింటి పిన్నిగారు వాళ్ళ అబ్బాయి దగ్గరికి వెళ్ళారు. అందుకని పిల్లల్నీ, ముగ్గురి బట్టలూ సర్దిన నీలం సూట్‌కేసునూ డిపోకే తీసుకెళ్ళాను. సాయంత్రం డ్యూటీ దిగి అటునుంచి అటే బస్సెక్కాలన్నది ఆలోచన.

డిపోలో ప్యాకింగు బల్ల టేపక్కది. ఆవిడ చేతిలో టేపు ఉన్నంతసేపూ ఎదురుగా కదలకుండా నిలబడటం ప్రమాదం, మనల్నీ చుట్టేస్తుంది. ఆవిడ బుడ్డిని ఒక ఖాళీ పెట్టెలో కూర్చోబెట్టి, బుడగల కవరు ఇచ్చి, "టప్‌టప్‌మని అన్నీ పేల్చెయ్యి తల్లీ, ఎవరేమంటారో నేను చూస్తా" అంది. జడ్జిగారు బల్ల చివర కూర్చుని టేపక్కకి చిరునామా చీటీలు అందిస్తూ ఉంది.

మధ్యాహ్నం బెల్టు కాసేపు మొరాయించింది. అందరూ తిట్టుకున్నారు. నాకు మాత్రం పిల్లల పక్కన కూర్చుని అన్నం తినే వీలు దొరికింది. మా మెకానిక్ కూడా దాన్ని ఏమంత తొందరపడకుండా బాగుచేశాడు. మహానుభావుడు.

చేతులు కడుక్కుంటుంటే మేనేజరు మేడమ్ వచ్చారు. ఒక చేతిలో ఫోను. "పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయిరా, కింది అరలో... కింది అర అంటే కిందే ఉంటుంది నాన్నా" అని ఇంట్లో కొడుక్కి చెప్పి, నా వైపు తిరిగారు.

"రాత్రి సూపర్‌వైజరుకి జ్వరమటండీ. ఈ ఒక్క పూటా మీరు ఉండగలరా? మీ ప్రయాణం సంగతి తెలుసు. కానీ ఎవర్ని అడగను?"

ఆవిడ మొహం చూస్తే కాదనలేకపోయాను. "చూస్తాను మేడమ్" అన్నాను.

బదులు వచ్చేవాళ్ళ కోసం తెలిసిన వాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఒకడు అత్తారింట్లో ఉన్నాడు. ఒకడు దారిలో ఉన్నాడు. ఇంకొకడు నా గొంతు వినగానే "హలో, హలో, సరిగ్గా వినపడటం లేదు" అని పెట్టేశాడు. నేనైనా అదే చేసేవాణ్ణి. చివరికి, రేపు పొద్దున బస్సుకి వెళ్దామని పిల్లలకు ఎలా చెప్పాలో మనసులోనే కూడబలుక్కుంటూ ప్యాకింగు బల్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడ సూట్‌కేసు లేదు.

"అక్కా, ఇక్కడ మా నీలం పెట్టె ఉండాలి."

"వెళ్ళిపోయిందిగా సారూ" అంది టేపక్క చెయ్యి ఆపకుండా.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, మీ అక్కగారింటికి. ఇందాకటి లారీలో. మీ పెట్టె అని నాలుగు చుట్లు ఎక్కువే వేశా."

"పంపమని ఎవరు చెప్పారు?"

"ప్రత్యేకం చెప్పాలా? ఏటా ఇంతేగా! అమ్మాయి చీటీ అంటించి తెచ్చింది. ఈ ఏడు అట్టపెట్టెకి బదులు సూట్‌కేసు పంపుతున్నారు కాబోలు అనుకున్నా."

ఆవిడ ఎగతాళికి అనలేదు. ఆకాశంలో మబ్బు పట్టింది అన్నంత మామూలుగా అంది. నేను వెళ్ళననే సంగతి నాకంటే ముందే డిపో అంతటికీ తెలుసన్నమాట.

జడ్జిగారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"నేనే పంపించాను నాన్నా."

"ఎందుకమ్మా?"

"నువ్వు మేడమ్‌తో చూస్తానన్నావుగా. అంటే ఇంక వెళ్ళం. పెట్టె అయినా సముద్రం చూస్తుందని."

"మన బట్టలన్నీ అందులోనే ఉన్నాయి కదే!"

"ఇంట్లో ఇంకా ఉన్నాయిగా." కదులుతున్న బెల్టు వంక చూసింది. "ఈ బెల్టు మీద పెట్టినవన్నీ ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తాయి. మనల్నే నువ్వు పెట్టవు."

ఏడవలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. విచారణ ముగించి తీర్పు చదివినట్టు అంది. ఖాళీ పెట్టెలోంచి బుడ్డి ఇంకో బుడగ పేల్చింది.

నేను తిన్నగా మేడమ్ దగ్గరికి నడిచాను.

"మేడమ్, నేను ఉండలేనండీ."

"అదేంటండీ, చూస్తానన్నారు?"

"చూశానండీ. ఎవరూ దొరకలేదు. అయినా వెళ్తున్నాను."

"పోనీ, రేపు పొద్దున వెళ్ళకూడదూ?"

"నా బట్టలు ఇవాళే వెళ్ళిపోయాయండీ."

ఆవిడకు అర్థం కాలేదు. నా వెనకే వచ్చిన టేపక్క జరిగింది చెప్పింది, చేతులు తిప్పుతూ, లారీ శబ్దంతో సహా. మేడమ్ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. పొద్దుటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలనుకుంటాను.

"సారుని పంపెయ్యండి మేడమ్" అంది టేపక్క. "రాత్రి బెల్టు నేను చూసుకుంటా. ఇన్నేళ్ళుగా ఈయన అరుపులు వింటున్నా, ఆ మాత్రం అరవడం నాకు రాదా?"

"నువ్వు అరిస్తే లారీలు డ్రైవర్లు లేకుండానే బయల్దేరతాయి" అన్నారు మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళండి. ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచండి."

"ఉంచకండి" అంది టేపక్క.

ఖాళీ టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, ఇద్దరు పిల్లలు. ఇదీ మా సామాను. ఇంత తేలిగ్గా ప్రయాణం చెయ్యడం నాకు పెళ్ళికి ముందు కూడా తెలియదు. బస్సు కదిలాక బుడ్డి నా ఒళ్ళో నిద్రపోయింది. జడ్జిగారు కిటికీ పక్కన కూర్చుంది కానీ బయటికి చూడలేదు. నా జేబులోని ఫోన్ వైపే చూస్తోంది. అది ఒకసారి మోగనే మోగింది. పిల్ల బిగుసుకుపోయింది.

"సారూ, స్కానరు ఎక్కడ పెట్టారు?" టేపక్క.

"నీ జేబు చూసుకో అక్కా."

"...ఉంది. సుఖంగా వెళ్ళిరండి."

ఫోన్ ఆపేసి జడ్జిగారి చేతికిచ్చాను. అది తన జేబులో పెట్టుకుని, అప్పుడు కిటికీ వైపు తిరిగింది.

తెల్లారాక అక్క తలుపు తీసి మా ముగ్గురి చేతుల వంకా చూసింది.

"పెట్టేబేడా ఏవిరా?"

"వెనకాల పార్సెల్లో వస్తున్నాయి."

"ఇన్నాళ్ళూ పెట్టెలొచ్చాయి, నువ్వు రాలేదు. ఇప్పుడు నువ్వొచ్చావు, పెట్టె రాలేదు. రెండూ ఒకేసారి పంపితే మీ డిపో మునిగిపోతుందా?" అంటూనే నా భుజం పట్టుకుని లోపలికి లాగింది. చాలాసేపు వదల్లేదు.

మా బావ భారీ మనిషి. స్నానాలయ్యాక ఆయన బనియను బుడ్డికి పాదాల దాకా వచ్చింది. ఆయన ప్యాంటును నేను రెండు చేతులా పట్టుకుని నడవాల్సి వచ్చింది. "పట్టుకునే ఉండు బావమరిదీ, నవ్వితే జారిపోతుంది" అని ఆయన నన్ను నవ్వించడమే పనిగా పెట్టుకున్నాడు. వాళ్ళ అత్తయ్య కుర్తా చేతులు మడుచుకుని జడ్జిగారు అన్నం దగ్గర కూర్చుంది.

"మీ నాన్న మాట నీటి మీద రాతేనే తల్లీ" అంది అక్క వడ్డిస్తూ. "ఫోన్ మోగిందంటే చాలు, కంచం ముందు నుంచి లేచి పరుగెడతాడు చూడు."

"ఏం కాదు" అంది జడ్జిగారు తలెత్తి. "వచ్చాడుగా!"

"వచ్చాడులే. రేపు వెళ్ళిపోతానంటే?"

"అనడు. మా నాన్న సంగతి నీకేం తెలుసు అత్తయ్యా?"

అక్క నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నేను పెరుగు గిన్నె కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

తర్వాత జడ్జిగారు ఈ సెలవుల్లో ఏ రోజు ఏం చెయ్యాలో ఆపకుండా చెప్పడం మొదలుపెట్టింది. గవ్వలు ఏరాలట, పడవలు లెక్కపెట్టాలట, ఇసుకలో బుడ్డిని మెడ దాకా పూడ్చాలట. గొయ్యి నాన్న తవ్వుతాడు, గవ్వలు నాన్న మోస్తాడు, అల వస్తే నాన్న చెయ్యి పట్టుకుంటాడు. అన్నం చల్లారిపోతున్నా వింటూ కూర్చున్నాను. అది చెప్పిన వాటిలో నేను లేని పని ఒక్కటీ లేదు.